టీఎస్‌హెచ్ నార్మలేనట, నీరసం మాత్రం వదలట్లేదు

కాకినాడ టీచరమ్మ:
నాకు 41 ఏళ్లు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, ఇప్పుడు 75 మైక్రోగ్రాములు. మొన్నటి రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 3.8. "నార్మలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. నాకేమో మూడో పీరియడ్‌కే కాళ్లు పీకేస్తున్నాయి, బోర్డు మీద రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది. దువ్వెన నిండా జుట్టు. ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు కూడా. మాత్ర పరగడుపునే వేసుకుంటాను, ఆ వెంటనే కాఫీ. టిఫిన్ అయ్యాక కాల్షియం, ఐరన్. మా ఆడపడుచు పోరితే విటమిన్లు చూపించుకున్నాను: డి 14, బి12 168. థైరాయిడ్ డోసు పెంచమని అడగనా, ముందు విటమిన్ల సంగతి చూసుకోనా?

సుబ్బు:
ధనియాలు రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్లు తాగండి. మా పిన్ని మాత్రే మానేసింది.

హనుమకొండ అక్క:
సుబ్బు గారూ, ధనియాల నీళ్లు తాగితే తాగనివ్వండి, మాత్ర మానేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ మాత్రలో ఉండే హార్మోను ఒంట్లోంచి మెల్లగా తగ్గుతుంది, మానేసిన వారానికి ఏమీ తెలియదు. తర్వాత తెలుస్తుంది.

టీచర్ గారూ, నాదీ ఇదే జబ్బు, పదేళ్ల పైమాటే. మీరు రాసినదాంట్లో నాకు ముందు కనబడింది ఆ కాఫీ, ఆ కాల్షియం. కాల్షియం, ఐరన్ రెండూ కడుపులో థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీకి కనీసం అరగంట, గంటైతే ఇంకా మంచిది. ముందు ఇది సరిచేసుకుని, ఆరేడు వారాలాగి టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోండి. ఇప్పుడే డోసు పెంచి, ఆ తర్వాత కాఫీ ఆపారనుకోండి, మందు ఎక్కువై గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి.

తిమ్మిర్ల విషయం మాత్రం ఆలస్యం చేయకండి. 168 అంటే బి12 బాగా తక్కువ, అది నరాలకు సంబంధించిన వ్యవహారం. మీరు శాకాహారులా? షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? రెండూ కాకపోతే ఇంకోటి ఉంది. మనలో చాలామందికి థైరాయిడ్ తగ్గేది ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ గ్రంథి మీదే తిరగబడటం వల్ల. అలాంటివాళ్లలో కొందరికి కడుపు బి12ను సరిగా పీల్చుకోదు, ఇంజక్షన్లు అవసరం కావచ్చు. డాక్టరుగారిని ఈ ముక్క సూటిగా అడగండి. ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమనండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు, జుట్టు రాలడానికి అదీ ఓ కారణమే.

డి కోసం 60,000 యూనిట్ల సాషే ఇస్తే అది వారానికి ఒకటి, రోజుకు కాదు. త్వరగా తగ్గాలని రోజూ తాగేవాళ్లను చూశాను. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది, కిడ్నీల మీద పడుతుంది.

తెనాలి మెడికల్:
నాది మందుల షాపు, నాదో మాట. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ రోజూ వాడితే థైరాయిడ్ మందూ సరిగా పట్టదు, బి12 కూడా తగ్గుతుంది. జుట్టుకని బయోటిన్ వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపండి, కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ మాత్ర నెలకో బ్రాండు మార్చకండి. సీసా పొయ్యి పక్కన పెట్టొద్దు.

కాకినాడ టీచరమ్మ:
శాకాహారమే అండి. గ్యాస్ మాత్ర కూడా రోజూ వేస్తున్నాను, అది ఎవరికీ చెప్పనేలేదు! పొద్దున్న కాఫీ లేకుండా నాకు బండి కదలదు. మాత్ర రాత్రికి మార్చుకోవచ్చా?

హనుమకొండ అక్క:
మార్చుకోవచ్చు, డాక్టరుగారికి ఒక మాట చెప్పి. కానీ భోజనమయ్యాక మూడు గంటలు ఆగాలి. మీ ఇంట్లో ఎన్నింటికి తింటారు?

కాకినాడ టీచరమ్మ:
తొమ్మిదిన్నర. పిల్లల ట్యూషన్లు అయ్యేసరికి అంతే.

హనుమకొండ అక్క:
అయితే కుదరదమ్మా. లేవగానే మాత్ర వేసుకోండి, స్నానం, పూజ, పిల్లల బాక్సులు అయ్యాక కాఫీ. ఐరన్, కాల్షియం సాయంత్రం బడి నుంచి వచ్చాక, అదీ రెండూ ఒకేసారి కాకుండా. తిమ్మిర్లకు ఈ వారమే వెళ్లండి.