బెంగళూరు పీజీలో కుర్రాడి మనసు అదుపు తప్పితే 112కి ఏమని చెప్పాలి?

మడివాల పీజీ వార్డెన్ (ప్రశ్న)

మడివాల, బీటీఎం లేఅవుట్, మారతహళ్ళి పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వార్డెన్ల గదుల్లో గోడకి అంటించడానికి ఒక కాగితం తయారు చేస్తున్నాం. మంటలు అంటుకుంటే ఏం చెయ్యాలో రాసిపెట్టి ఉంది, గ్యాస్ లీకైతే ఏం చెయ్యాలో ఉంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు నాలుగు రోజులుగా నిద్రపోకుండా, ఎవరో వెంటపడుతున్నారని తలుపు గడియ పెట్టుకుని అరుస్తుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. అమ్మానాన్నలు కడపలోనో ఒంగోలులోనో ఉంటారు. రాత్రి బస్సెక్కినా తెల్లారితే గానీ చేరలేరు.

పోలీసుల్ని ఎప్పుడు పిలవాలి? ఫోన్లో ఏం చెప్పాలి? స్టేషన్‌కి తీసుకెళ్తామంటే ఏమనాలి? చచ్చిపోతానన్నా, ప్రయత్నం చేసినా కేసవుతుందని పిల్లలు ఒకరిది ఒకరు దాచేస్తున్నారు. అది నిజమేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్

ముందు పోలీసులు అక్కర్లేని సందర్భం తేల్చుకోండి. మాట వింటున్నాడు, చేతిలో ఏమీ లేదు, కిందికి రమ్మంటే వస్తున్నాడు అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416 టెలీ మానస్‌కి చేసి తెలుగు ఎంచుకోండి. రాత్రీపగలూ పనిచేస్తుంది. వాళ్లతో మాట్లాడుతూనే హోసూరు రోడ్డులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ క్యాజువాలిటీకి బయల్దేరవచ్చు, అదీ ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది. బైకు మీద మాత్రం వద్దు. కారులో వెనక సీటు మధ్యలో అతను, అటొకరు ఇటొకరు అతను నమ్మే స్నేహితులు. చైల్డ్ లాక్ వేయమని డ్రైవరుకి ముందే చెప్పండి.

చేతిలో కత్తో సీసానో ఉన్నా, మేడ అంచున ఉన్నా, ఎవర్నైనా కొట్టినా, గదిలోంచి జవాబు ఆగిపోయినా 112. ఏదైనా మింగాడని అనుమానం వస్తే 108 అంబులెన్స్, వెళ్లాల్సింది పెద్ద జనరల్ ఆసుపత్రికి. ఒంటికి జరగాల్సిన వైద్యం ముందు జరగాలి, మనసు సంగతి ఆ తర్వాత. కక్కించే ప్రయత్నం చెయ్యొద్దు. ఖాళీ స్ట్రిప్పో డబ్బానో చేత్తో పట్టుకెళ్లండి.

112కి ఫోన్ చేసినప్పుడు చాలామంది "ఇక్కడ గొడవ జరుగుతోంది, త్వరగా రండి" అంటారు. చెడేది అక్కడే. గొడవ అని వింటే హొయ్సళ బండిలో (బెంగళూరు పోలీసు గస్తీ బండి) వచ్చేవాళ్లు గొడవకి సిద్ధపడే వస్తారు. లాఠీతో గట్టిగా కేకేస్తూ నలుగురు ఒకేసారి గదిలోకి దూరితే, ఎవరో చంపడానికి వస్తున్నారని అప్పటికే నమ్ముతున్న పిల్లాడికి ఆ భయం కళ్లముందు నిజమైపోతుంది. మొదటి వాక్యమే కన్నడంలో ఇలా చెప్పండి: "ఇదు జగళ అల్ల. హుడుగనిగె హుషారిల్ల. ఆస్పత్రెగె కర్కొండు హోగబేకు." (ఇది గొడవ కాదు, కుర్రాడికి ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని అర్థం.) చేతిలో ఏమీ లేకపోతే "కైయల్లి ఏనూ ఇల్ల" అని కలపండి. ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఒక్కటీ దాస్తే వచ్చే కానిస్టేబుల్ ప్రాణానికీ ముప్పే. తర్వాత వరసగా వయసు, ఎన్నో అంతస్తు, తలుపు లోపల గడియా బయట తాళమా, ఏ భాష అర్థమవుతుంది, మందులు వాడుతున్నాడా. సైరన్ వీధి మలుపులోనే ఆపమని, ముందుగా ఒక్కరినే పైకి రమ్మని అడగండి. అడిగితే వినే ఎస్సైలు ఉన్నారు. అమ్మాయైతే మహిళా పోలీసు కావాలని అదే ఫోన్లో చెప్పండి.

వాళ్లు వచ్చేలోపు గది దగ్గర జనాన్ని ఖాళీ చేయించండి, వీడియో తీసే ఫోన్లు మొట్టమొదట. మాట్లాడేది ఒక్కరే ఉండాలి, అతని సొంత యాసలో మాట్లాడగలిగినవాళ్లయితే మరీ మంచిది. రెండు చేతుల దూరంలో, తలుపుకి అడ్డం పడకుండా నిలబడాలి. "ఎవరూ లేరురా, అంతా నీ భ్రమ" అంటే వాదన మొదలవుతుంది. "అవును, వాళ్లు కింద ఉన్నారు" అంటే భయం ఇంకా బిగుసుకుంటుంది. "నీకు భయంగా ఉంది, నేను ఇక్కడే ఉంటా, నీళ్లు తాగుతావా" అన్నంత చిన్న మాటలు చాలు. అతను మాట్లాడకపోతే మీరూ కాసేపు ఊరుకోండి. పదిహేను నిమిషాలు పట్టినా తొందర పెట్టొద్దు, మేడ అంచున ఉంటే మరీనూ.

తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే బోర్లా పడేసి వీపు మీద కూర్చోనివ్వకండి. ఊపిరాడక ప్రాణం పోతుంది. పెనుగులాడుతున్నవాడు హఠాత్తుగా నిశ్శబ్దమైతే అది లొంగిపోవడం అనుకోవద్దు. వెంటనే పక్కకి తిప్పి ఊపిరి చూడండి.

శివాజీనగర్ లాయరు

చట్టం సంగతి చెప్తాను. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017, సెక్షన్ 100 గుర్తుపెట్టుకోండి. మానసిక అనారోగ్యం వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. అది అరెస్టు కాదు. ఎందుకు తీసుకుంటున్నారో అతనికి, అతనికి అర్థమయ్యే స్థితి లేకపోతే వైద్యం విషయంలో అతని తరఫున నిలబడే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టడం ఆ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. అరెస్టే కానప్పుడు బేడీల ప్రసక్తి ఎక్కడిది?

స్టేషన్‌కి పదండంటే గొంతు పెంచొద్దు. "సార్, సెక్షన్ 100 కింద నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్దాం, మేమూ వెంట వస్తాం" అనండి. వెంట వస్తామన్న మాటకి చాలా బలముంది. రాత్రంతా ఒక కానిస్టేబుల్‌ని ఆసుపత్రిలో కూర్చోబెట్టాల్సి వస్తుందన్న బెంగ స్టేషన్‌కి సహజం. అది తీరితే సగం అభ్యంతరాలు పోతాయి.

కేసు భయం గురించి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 309, 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో పోయింది. కొత్త చట్టంలో మిగిలింది సెక్షన్ 226 ఒక్కటే, అది ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికో బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నానికి వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు చీటీ) రాస్తారు, పోలీసులకి కబురు వెళ్తుంది. అది నమోదు మాత్రమే, పిల్లాడి మీద కేసు కాదు. కాగితంలో ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో వెయ్యండి, దాచడం వల్లే ఆలస్యమవుతోంది.

ఇంకొకటి. చికిత్స తీసుకుంటున్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ అతని సమ్మతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని సెక్షన్ 24 చెప్తోంది. వీడియో వద్దన్న పై సలహా అందుకే రెండింతలు ముఖ్యం.

మడివాల పీజీ వార్డెన్

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. అమ్మానాన్నలు వచ్చేదాకా ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి? పీయూసీ (ఇంటర్) పిల్లలు కొందరికి పద్దెనిమిది నిండలేదు, వాళ్లకి వేరే పద్ధతా?

సైకియాట్రిక్ సోషల్ వర్కర్

ప్రాణానికో, పెద్ద హానికో ముప్పు ఉన్నప్పుడు అత్యవసర చికిత్స సంతకం కోసం ఆగదు. సెక్షన్ 94 ప్రకారం ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు ఇవ్వవచ్చు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అందుబాటులో ఉంటే వాళ్ల సమ్మతి అడుగుతారు. కరెంటు షాకు చికిత్స ఈ ఎమర్జెన్సీ కింద ఇవ్వడానికి లేదు, ఇంట్లోవాళ్లకి ఈ మాట చెప్తే ఊరట పడతారు. పెద్దవాళ్లయితే, ముందుగా ఎవరినీ పేర్కొనకపోయినా అన్నో అక్కో మేనమామో, రక్తసంబంధం ఉన్న ఎవరైనా ఆ పాత్ర తీసుకోవచ్చు. నగరంలో బంధువు ఎవరున్నారో పీజీలో చేరేటప్పుడే ఫారంలో రాయించుకోండి. తండ్రి నంబరు ఒక్కటీ ఉంటే అర్ధరాత్రి పనికిరాదు.

పద్దెనిమిది లోపు అయితే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ తల్లో తండ్రో లీగల్ గార్డియనో. చేర్చుకుంటే పెద్దల వార్డులో ఉంచరు, వాళ్లలో ఒకరో, వాళ్లు నియమించిన మనిషో మొత్తం రోజులూ దగ్గరుండాలి. ఆడపిల్లైతే ఆ మనిషి స్త్రీ అయి ఉండాలి. బస్సెక్కించే ముందే తల్లిదండ్రులకి ఫోన్లో ఈ సంగతి చెప్పండి, లేకపోతే ఒక్కపూటలో తిరిగిరావచ్చని రెండు జతల బట్టలే తెచ్చుకుంటారు.

ఆసుపత్రికి పట్టుకెళ్లాల్సినవి: పాత చీటీలు, ఇప్పుడు మింగుతున్న మందుల స్ట్రిప్పులు, ఆధార్. డాక్టరు తప్పక అడిగేవి కొన్ని ఉన్నాయి. చివరిసారి ఎప్పుడు నిద్రపోయాడు, ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు, జ్వరం వచ్చిందా, తలకి దెబ్బ తగిలిందా, మూర్ఛ వచ్చిందా, గంజాయో మందో తాగాడా, రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేశాడా. ఆఖరి రెండూ స్నేహితులు చెప్పరు, పోలీసు పక్కనున్నాడని నోరు కట్టేసుకుంటారు. వాళ్లని పక్కకి పిలిచి డాక్టరుకి మాత్రమే చెప్పమనండి. జ్వరంతో వచ్చిన సన్నిపాతాన్నీ, తాగుడు మానేయడం వల్ల వచ్చిన వణుకునీ పిచ్చి అనుకుని ఇంజెక్షనిస్తే అసలు జబ్బు లోపలే ముదురుతుంది.