మనీలాలో ఆదివారం మన ఉగాది: హాల్ రద్దయింది, కమిటీ వాళ్లు వెంటనే చూడండి

రమణ, గురువారం రాత్రి 9:12
హాల్ వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. ఏసీ పాడైందట, ఆదివారం లోపల బాగయ్యేలా లేదట. బుకింగ్ రద్దు. అడ్వాన్స్ వెనక్కి ఇస్తారు కానీ నెల పడుతుందట. మన దగ్గరున్నదంతా దానికే కట్టేశాం. ఇంకో హాల్ అంటే చేతిలో పైసా లేదు. ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి, టెన్షన్‌తో బుర్ర పనిచేయడం లేదు.

పద్మ, 9:20
అయ్యో! పులిహోరకి చింతపండు గుజ్జు ఉడికించి పెట్టేశాను.

శ్రీను, 9:31
మా కాండో (అపార్ట్‌మెంట్) హాల్ చాలదా అని మొదట్లోనే అడిగాను. ఫిలిప్పీన్స్ చిత్రాలు, శిల్పాల ఫోటోల ప్రదర్శన, ఇరవై ప్యానెళ్లు, పొడుగు గోడలు కావాలి అన్నారు. అందుకే అంత అద్దె. పచ్చడి తిని పంచాంగం వినే పండక్కి ఇదంతా అవసరమా?

సుధ, 9:40
శ్రీనుగారూ, ఆ రోజు మీటింగ్‌లో మీరూ ఉన్నారు. ఇక్కడే పుట్టిన మన పిల్లలకి ఈ దేశం గురించి మాల్స్ తప్ప ఏమీ తెలియడం లేదన్నది మీరే. పిల్లలు నెలరోజులుగా ఒక్కో బొమ్మ గురించి రాసుకుని బట్టీ పట్టారు. వాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి, అవసరం లేదని.

శ్రీను, 9:44
నేను అన్నది డబ్బు సంగతి. పిల్లల్ని మధ్యలోకి లాగకు.

పద్మ, 9:51
ఇద్దరూ ఆగండి నాయనా. పొద్దున మాట్లాడుకుందాం.

కిరణ్, 10:05
అన్నా, పనుల లిస్టులో మైకు, స్టేజీ నా పేరు మీద ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు?

రమణ, 10:30
ప్రింటింగ్ షాపులో కనుక్కున్నాను. ప్యానెళ్లు ఇంకా మొదలుపెట్టలేదట, సగం డబ్బు కడితేనే వేస్తారట. ఆపేయమన్నాను. అంతవరకు నష్టం లేదు.

సుధ, శుక్రవారం ఉదయం 6:15
రాత్రంతా ఆలోచించాను. మనం ఫోటోలు వేయించి గోడకి అంటించాలనుకున్న వాటిలో చాలావరకు అసలువే పాద్రే బుర్గోస్ అవెన్యూలో ఉన్నాయి కదా, నేషనల్ మ్యూజియంలో. టికెట్ లేదు. సెలవు సోమవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. పిల్లలు ప్యానెల్ ముందు చెప్పే నాలుగు మాటలు అసలు బొమ్మ ముందే చెబుతారు. భోజనాలు ఎదురుగా లూనెటా పార్కులో, చెట్ల కింద.

రమణ, 6:40
సుధా, దీన్ని పట్టుకుందాం. గుంపుగా వెళ్తే ముందే చెప్పాలి కదా?

సుధ, 6:48
ఈమెయిల్ పెట్టేశాను. ఒక్కసారే అందరం దూరకుండా చిన్న చిన్న జట్లుగా వెళ్దాం.

నారాయణ, 7:30
మంచి ఆలోచన. ఒక్క మనవి. లగూనా రాగిరేకు, అంటే ఆ పాత రాగి శాసనం, కూడా చూపించండి. దాని మీద తేదీ శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణ పక్షం చవితి, సోమవారం. అంటే క్రీ.శ. 900. ఉగాది నాడు మనం లెక్కపెట్టే శకం అదే. పంచాంగ శ్రవణానికి ఇంతకంటే ఏం కావాలి?

సుధ, 7:41
నారాయణగారూ, అది బొమ్మా కాదు, శిల్పమూ కాదు. అందుకే ప్యానెళ్లలో పెట్టలేదు. కానీ ఇప్పుడు ప్యానెళ్లే లేవు కాబట్టి పెడదాం. అది మ్యూజియం వాళ్లదే ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) భవనంలో ఉంది, రోడ్డు దాటితే చాలు. పంచాంగం మాత్రం బయట చెట్టుకింద చదవండి, లోపల గట్టిగా చదివితే ఊరుకోరు.

సుధ, 8:55
ఎవరు ఏ బొమ్మ దగ్గరో రాస్తున్నాను. పెద్దవాళ్లు కూడా చదవండి, పిల్లలు తడబడితే అందివ్వాలి.

ముందు ఆంత్రోపాలజీ. మనుంగుల్ కుండ: పలావన్ గుహల్లో 1964లో దొరికింది, క్రీ.పూ. 890-710 మధ్యది. చనిపోయినవాళ్ల ఎముకలు దాచిన కుండ. మూత మీద పడవ, అందులో ఇద్దరు. వెనక కూర్చున్నవాడి తెడ్డు విరిగిపోయింది, పిల్లలు అదే ముందు అడుగుతారు. ఆ తర్వాత బులుల్, ఇఫుగావ్ రైతులు ధాన్యపు కొట్టులో కాపలాకి పెట్టుకునే కొయ్య విగ్రహాలు. అంగోనో రాతి బొమ్మలు కొండరాయి మీద ఉన్నాయి, వాటిని తేలేం. 127 ఆకారాలు, 1965లో వాటిని కనిపెట్టింది బోతోంగ్ ఫ్రాన్సిస్కో అనే చిత్రకారుడే. ఆయన పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇటు ఫైన్ ఆర్ట్స్ భవనంలో మొదట స్పానిష్ కాలపు సెయింట్ల విగ్రహాలు. కొయ్యతో, దంతంతో చేసినవి. దంతపు పని ఎక్కువగా ఇక్కడ స్థిరపడ్డ చైనా శిల్పులది, అందుకే కొన్ని మేరీమాత ముఖాల్లో కళ్లు అలా వాలి ఉంటాయి. చెక్కినవాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు. లగూనాలోని పాయెతె ఊళ్లో ఆ పని ఇప్పటికీ సాగుతోంది.

పేరుతో సంతకంతో చిత్రకారుడు నిలబడింది దమియన్ దొమింగో నాటికి. 1821లో మనీలాలోని తొందోలో తన ఇంట్లోనే బొమ్మల బడి పెట్టాడు. ఏ కులంవాళ్లు, ఏ పనివాళ్లు ఎలాంటి బట్టలు కట్టేవారో నీటిరంగుల్లో వేశాడు. వాటిని వేయించుకున్నవాళ్లలో భారతదేశం నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఒకడున్నాడు, పేరు బబూమ్. ఇది మన పెద్దవాళ్లకి నచ్చుతుంది.

అక్కడి నుంచి చిత్రకారుడు హువాన్ లూనా. స్పోలియారియం, 1884, మాడ్రిడ్‌లో బంగారు పతకం. అదే పోటీలో ఇంకో ఫిలిప్పీన్స్ చిత్రకారుడు హిదాల్గోకి వెండి. చచ్చిన గ్లాడియేటర్లని ఈడ్చుకెళ్తున్న బొమ్మ. రోమ్ కథే, కానీ ఈడ్చబడుతున్నది తమ దేశమే అని ఇక్కడివాళ్లు చదువుకున్నారు. మాడ్రిడ్ విందులో ఈ దేశపు జాతీయ వీరుడు రిసాల్ వీళ్లిద్దరి గౌరవార్థం మాట్లాడిన మాటలు స్పానిష్ దొరలకి మంటెక్కించాయి. చిన్నపిల్లలకి నెత్తురు గురించి ఎక్కువ చెప్పొద్దు.

చిత్రకారుడు అమొర్సోలో బొమ్మల దగ్గర పద్మ పిన్ని నిలబడితే బాగుంటుంది. వరినాట్లు, ఎండ వెనక నుంచి పడుతున్న ఆడవాళ్లు. నాకు మరీ తియ్యగా అనిపిస్తాడు, నాట్లు వేసేవాళ్ల నడుంనొప్పి ఆయన బొమ్మల్లో ఎక్కడా లేదు. ఆ తీపికి విరుగుడుగా 1928లో ఎదాదెస్ అనే చిత్రకారుడు వచ్చాడు, మట్టి రంగుల్లో ఒళ్లు వంచి పనిచేసే కూలీలతో. ఆ ప్రదర్శనలో ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదట.

పద్మ, 9:20
మా అమ్మ నాట్లు వేసింది. నేను నిలబడతాను, నడుంనొప్పి సంగతీ చెబుతాను.

కిరణ్, 9:34
అక్కా, మా మెడికోలకి ఏదైనా ఇవ్వవా? లాస్ పిన్యాస్ నుంచి పాతిక మందిమి వస్తున్నాం.

సుధ, 9:50
మీకోసమే ఆపాను. బోతోంగ్ వేసిన వైద్య చరిత్ర, 1953, నాలుగు పెద్ద బొమ్మలు. ఫిలిప్పీన్ జనరల్ ఆసుపత్రి కోసం వేశాడు, ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. పల్లె మంత్రసాని, నాటువైద్యుల నుంచి ఆధునిక వైద్యం దాకా. ఆ గది మొత్తం మీదే. రిసాల్ కంటి డాక్టరే కాదు, మట్టి శిల్పాలు కూడా చేశాడు. 1890లో చేసిన ఒకదాని పేరు మృత్యువు మీద శాస్త్రవిజయం. అది కూడా కలుపుకోండి.

రమణ, 11:15
శిల్పాలు తక్కువయ్యాయి. నేను రోజూ కలూకాన్‌లో మాన్యుమెంటో దగ్గరే బండి మారతాను. ఆ విప్లవ నాయకుడు బొనిఫాసియో స్మారకం శిల్పి తొలెంతినోది, 1933. యూపీలో (ఫిలిప్పీన్స్ యూనివర్సిటీలో) చేతులు చాచి నిలబడ్డ ఓబ్లేషన్ కూడా ఆయనదే. దాన్నెవరు చెబుతారు? ఆయన శిష్యుడు అబుయెవాని మా అబ్బాయికి ఇవ్వు. రాయి, కొయ్య, సిమెంటు, ఏది దొరికితే అది చెక్కాడు.

సుధ, 11:22
తొలెంతినో మీకే. లూనెటాలో రిసాల్ విగ్రహం ముందు అందరూ ఫోటో దిగుతారు, అది మాత్రం స్విట్జర్లాండ్ శిల్పి కిస్లింగ్‌ది అని ముందే చెప్పండి.

శ్రీను, మధ్యాహ్నం 1:05
సుధా, రాత్రి కాస్త ఎక్కువే మాట్లాడుకున్నాం. వదిలేద్దాం. దివిసోరియా మార్కెట్‌లో పచ్చిమామిడి, కొత్త బెల్లం నేను తెస్తాను. వేపపూత మా వీధిలోనే ఉంది. పార్కులో స్టవ్ వెలిగించనివ్వరు, పచ్చడి ఇంట్లోనే కలిపి స్టీలు డబ్బాల్లో తేవాలి.

సుధ, 1:12
సరే శ్రీనూ. ఉప్పు తక్కువ వెయ్యి.

కిరణ్, 3:40
మేం ఎల్‌ఆర్‌టీ రైల్లో యూఎన్ అవెన్యూ స్టేషన్‌లో దిగి నడుస్తాం. మైకు అద్దెవాడు మళ్లీ ఫోన్ చేశాడు.

రమణ, సాయంత్రం 6:20
ఎవరి ఇంటి నుంచి ఏ వంటకమో ఇక్కడే రాయండి, డబ్బు ఎవరూ పంపొద్దు. ఆకుల బదులు పేపర్ ప్లేట్లు. చెత్త సంచులు నేను తెస్తాను.

శ్రీను, రాత్రి 8:30
ఇంకో మాట. స్పోలియారియం 7.675 మీటర్ల పొడుగు, 4.22 ఎత్తు అంటున్నారు. అంత పొడుగు తాడు కట్టి గడ్డి మీద పరుస్తాను, పిల్లలందరూ ఆ గీతలోపలే కూర్చుని తింటారు. ఎంత పెద్దదో అప్పుడు ఒంటికెక్కుతుంది.

పద్మ, 8:41
అందులో ఎంతమంది పడతారో లెక్కేసి చెప్పు, చాపలు అన్నే తెస్తాను.