ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) 2019 వేసవి ఆటగాళ్ల మార్పిడిలో నిజంగా గెలిచింది ఎవరు: లేకర్సా, థండరా?

ఉదయపు_మ్యాచ్ (చర్చ మొదలుపెట్టినవారు)

2019 జులై 6, శనివారం. ఫోన్ తెరవగానే కవాయ్ లెనార్డ్ లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్‌కి వెళ్తున్నాడని వార్త. దాని వెనకే ఓక్లహోమా సిటీ థండర్‌లో ఉన్న పాల్ జార్జ్ కూడా అక్కడికేనని ఇంకో వార్త. టొరంటోకి కప్పు తెచ్చిపెట్టి కవాయ్‌కి నెల కూడా కాలేదు. ఆ వేసవిలో లీగ్ అంతా తారుమారైంది. జూన్‌లోనే ఆంథొనీ డేవిస్‌ని లాస్ ఏంజెలిస్‌లోని ఇంకో జట్టు లేకర్స్ తెచ్చుకుంది. డ్యూరాంట్, ఇర్వింగ్ ఇద్దరూ బ్రూక్లిన్‌కి, జిమ్మీ బట్లర్ మయామికి, కెంబా వాకర్ బోస్టన్‌కి వెళ్లారు. కవాయ్ వార్త వచ్చిన వారం తిరక్కుండా వెస్ట్‌బ్రూక్ హ్యూస్టన్‌కి, క్రిస్ పాల్ ఓక్లహోమాకి మారారు.

వచ్చే కప్పు క్లిప్పర్స్‌దేనని ఆ రోజు చాలామంది అన్నారు, నేనూ అన్నాను. ఆరేళ్లు గడిచాయి. 2025 జూన్ 22న ఓక్లహోమా సిటీ థండర్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాని ఓడించి కప్పు ఎత్తింది. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) షే గిల్జియస్ అలెగ్జాండర్. ఆ శనివారం క్లిప్పర్స్ థండర్‌కి వదులుకున్న కుర్రాడు ఇతనే. అప్పటికి ఒక్క సీజన్ ఆడాడు. అతనితో పాటు గాలినారిని, ఐదు మొదటి రౌండ్ పిక్స్‌ని (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు), మరో రెండేళ్లు వంతులు మార్చుకునే హక్కుని కూడా ఇచ్చారు. ఇదంతా ఒక్క పాల్ జార్జ్ కోసం.

నా మాట ఇది. 2020 కప్పు లేకర్స్‌ది, కాదనను. కానీ 2019 వేసవిని గెలిచింది థండర్, ఓడింది క్లిప్పర్స్. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగారు. మీరేమంటారు?

పసుపు_ఊదా

అన్నా, స్టార్‌ని తెచ్చుకునేది కప్పు కోసమే కదా. కప్పు వచ్చాక ఇంకా ఎవరు గెలిచారని అడగడం ఏంటి?

2018-19లో లేకర్స్ 37 గెలిచి 45 ఓడింది. లెబ్రాన్ ఉండి కూడా ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివర కప్పు కోసం జరిగే పోరుకి) రాలేదు. డేవిస్ కోసం ఇంగ్రామ్, లాంజో బాల్, జోష్ హార్ట్, మూడు మొదటి రౌండ్ పిక్స్ ఇచ్చారు. అందులో ఒకటి ఆ ఏడాది నాలుగో పిక్. భవిష్యత్తంతా తాకట్టు పెట్టారని తిట్టనివాళ్లు లేరు. తర్వాతి సీజన్‌లో 52-19, వెస్ట్ కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లో సగం జట్లు) మొదటి స్థానం. ప్లేఆఫ్స్‌లో పోర్ట్‌లాండ్, హ్యూస్టన్, డెన్వర్ ముగ్గురినీ 4-1తో (ముందు నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్), ఫైనల్స్‌లో మయామిని 4-2తో కొట్టింది. డెన్వర్ మీద రెండో మ్యాచ్‌లో డేవిస్ ఆఖరి క్షణంలో వేసిన త్రీ ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకోటి మర్చిపోతున్నారు. కవాయ్ ఏ సంగతీ తేల్చకుండా లేకర్స్‌ని వారం పాటు ఆపేశాడు. అప్పటికి మంచి ఆటగాళ్లంతా వేరే జట్లతో ఒప్పందాలు చేసేసుకున్నారు. మిగిలినవాళ్లలోంచి డానీ గ్రీన్‌ని తెచ్చుకున్నారు. కొత్తగా తీసుకున్న డిమార్కస్ కజిన్స్ మోకాలు దెబ్బతింటే, ఇక పని అయిపోయిందని అందరూ అనుకున్న డ్వైట్ హోవార్డ్‌ని గ్యారంటీ లేని కాంట్రాక్ట్‌తో తీసుకున్నారు. డెన్వర్ సిరీస్‌లో యోకిచ్‌ని అడ్డుకోవడంలో ఆయన పాత్ర ఎంతో చూశాం కదా. పెద్ద పేర్ల వేట ముగిశాక ఆగస్టులో చేసే ఇలాంటి చిన్న పనులే జట్టుని నిలబెడతాయి.

2020 జనవరి 26న లేకర్స్ దిగ్గజం కోబీ బ్రయంట్ పోయాడు. ఆ సీజన్‌లో వచ్చిన కప్పుని ఏ పిక్స్‌తోనూ తూచలేను.

సెంటర్_కోర్ట్

నాకు ఒక సందేహం. కోవిడ్ వల్ల 2020 మార్చి 11న ఆగిన సీజన్ జులై 30న ఒర్లాండోలో మళ్లీ మొదలైంది. 35 ఏళ్ల లెబ్రాన్‌కి నాలుగున్నర నెలల విశ్రాంతి దొరికింది. మామూలు సీజన్ అయితే ఫలితం ఇదే ఉండేదా?

పసుపు_ఊదా

విశ్రాంతి అందరికీ ఒకటే దొరికింది. కవాయ్‌కీ దొరికింది. ఇంటికి దూరంగా నెలల తరబడి ఒకే చోట ఉండి, ప్రేక్షకులు లేకుండా ఆడి గెలవడం తేలికని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మూడు_పాయింట్ల_గీత

క్లిప్పర్స్ తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ, నేను మాట్లాడతాను.

ముందు తప్పులు చెప్పేస్తాను. 2020లో డెన్వర్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకున్నాం. ఏడో మ్యాచ్‌లో కవాయ్ 22 షాట్లలో 6, జార్జ్ 16లో 4 వేశారు. నాలుగో క్వార్టర్‌లో ఇద్దరూ కలిసి ఒక్క పాయింటూ చేయలేదు. ఆ ఉదయం ఆఫీసుకి వెళ్లాలనిపించలేదు.

కానీ ఉదయపు_మ్యాచ్ గారు ఈ కథని ఆఖరి పేజీ నుంచి వెనక్కి చదువుతున్నారు. ఆ శనివారం నాటికి షే అంటే సగటున 10 పాయింట్ల కొత్త కుర్రాడు. మంచివాడని అందరికీ తెలుసు, ఎంవీపీ అవుతాడని ఎవరికీ తెలియదు. అప్పట్లో వచ్చిన వార్తలన్నీ ఒకటే చెప్పాయి: జార్జ్ వస్తేనే కవాయ్ వస్తాడు. లేకపోతే లేకర్స్‌లో లెబ్రాన్, డేవిస్ పక్కన చేరతాడు. కాబట్టి మేం ఆ ధర కట్టింది జార్జ్ ఒక్కడికి కాదు. ఇద్దరు రావడానికి, ఆ ముగ్గురూ పక్క జట్టులో కలవకుండా ఆపడానికి.

ఇంకో విషయం. 1970లో పుట్టిన ఈ జట్టు 2021 వరకు ఒక్కసారి కూడా కాన్ఫరెన్స్ ఫైనల్ (ఫైనల్స్‌కి ముందు మెట్టు) ఆడలేదు. 2021లో ఆడింది. యూటా మీద నాలుగో మ్యాచ్‌లో కవాయ్ మోకాలు పోయినా తర్వాతి రెండూ గెలిచాం. ఆరో మ్యాచ్‌లో టెరెన్స్ మాన్ 39 పాయింట్లు కొట్టాడు. 2019 వేసవిలోనే 48వ పిక్‌తో వచ్చిన కుర్రాడు. ఫీనిక్స్ మీద ఐదో మ్యాచ్‌లో జార్జ్ ఒంటరిగా 41 చేశాడు. కవాయ్ మోకాలు నిలబడి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

టొరంటో_తెలుగు

ఎవరూ మా ఊరి మాట ఎత్తడం లేదు. కవాయ్ వెళ్లాడు, డానీ గ్రీన్ వెళ్లాడు, వాళ్ల స్థానంలో పెద్ద పేరు ఒక్కటీ రాలేదు. అయినా 53-19. కవాయ్ ఉన్న ఏడాది 58-24, అంటే గెలుపు శాతం పెరిగింది! సియాకమ్, లౌరీ, వాన్‌వ్లీట్ ఉన్న జట్టుని నిక్ నర్స్ ఎంత బాగా నడిపాడంటే ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు ఆయనకే వచ్చింది. రెండో రౌండ్‌లో బోస్టన్ చేతిలో ఏడు మ్యాచ్‌లకి ఓడాం.

కవాయ్ మీద నాకు కోపం లేదు. ఒక్క ఏడాదికి వచ్చాడు, కప్పు ఇచ్చి వెళ్లాడు. కానీ ఎవరు ఎక్కడికి వెళ్లారన్న లెక్కలో పడి, ఉన్నవాళ్లు ఎంత ఎదిగారన్నది మనం చూడం.

సెంటర్_కోర్ట్

క్లిప్పర్స్ కనీసం కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. బ్రూక్లిన్ సంగతి? గాయం వల్ల డ్యూరాంట్ మొదటి సీజన్ మొత్తం బయట కూర్చున్నాడు, ఇర్వింగ్ 20 మ్యాచ్‌లే ఆడాడు. 35-37, మొదటి రౌండ్‌లో టొరంటో చేతిలో 4-0. ఇద్దరూ వెళ్లిపోయేవరకు గెలిచింది ఒకే ఒక్క ప్లేఆఫ్ సిరీస్.

ఫిలడెల్ఫియా ఇంకా ఘోరం. బట్లర్‌ని పోనిచ్చి, హార్‌ఫర్డ్‌కి నాలుగేళ్లకు 10.9 కోట్ల డాలర్లు, టోబయాస్ హారిస్‌కి ఐదేళ్లకు 18 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2020లో బోస్టన్ చేతిలో 4-0తో ఇంటికి. అదే ప్లేఆఫ్స్‌లో బట్లర్ మయామిని ఫైనల్స్‌కి తీసుకెళ్లి, మూడో మ్యాచ్‌లో 40 పాయింట్లు, 11 రీబౌండ్లు, 13 అసిస్ట్‌లు చేశాడు. నా లెక్కలో ఆ వేసవి ఓడింది ఫిలడెల్ఫియానే.

స్టిల్‌వాటర్_పాతవిద్యార్థి

నేను ఓక్లహోమాలో ఎంఎస్ చేసినవాణ్ణి. థండర్ గెలిచిందని ఇప్పుడు తేలిగ్గా అంటున్నారు. మధ్యలో ఏం జరిగిందో చూసినవాడిగా చెప్తాను.

ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) అయిన మొదటి ఏడాది బాగానే ఉంది. క్రిస్ పాల్ కుర్రాళ్లను కూర్చోబెట్టి ఆట నేర్పించినట్టే ఆడాడు. 44-28, హ్యూస్టన్‌తో ఏడో మ్యాచ్ దాకా లాగారు. తర్వాత ఆయన్ని ఫీనిక్స్‌కి పంపేశారు. 22-50. ఆ తర్వాత 24-58. 2021 డిసెంబర్ 2న మెంఫిస్‌లో 73 పాయింట్ల తేడాతో ఓడిపోయింది, 152-79. ఎన్‌బీఏ చరిత్రలోనే అంత తేడా లేదు. ఆ సీజన్‌లో స్నేహితులం కారులో వెళ్లి మ్యాచ్‌లు చూసేవాళ్లం. పై సీట్లు ఖాళీగా ఉండేవి. మా ముందు వరసలో ఒక పెద్దాయన ప్రతిసారీ మనవడిని తీసుకొచ్చేవాడు. ఓడిపోతున్నా ఆఖరి నిమిషం దాకా లేచేవాడు కాదు.

ఓక్లహోమాకి స్టార్లు తమంతట తాము రారు. బీచ్ లేదు, సినిమా ఊరు కాదు. డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ల ఎంపికలో) వచ్చిన కుర్రాళ్లే వాళ్లకి దిక్కు. 2022లో క్లిప్పర్స్ ఇచ్చిన పిక్ 12వ స్థానంలో పడింది. దాంతో వచ్చింది జేలెన్ విలియమ్స్. 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు కొట్టింది అతనే. కప్పు గెలిచిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తాతా మనవడూ.

ఫ్రీమాంట్_వాసి

మా గోల్డెన్ స్టేట్ వారియర్స్ కథ కూడా కలపండి. వరసగా ఐదు ఫైనల్స్ ఆడిన జట్టు. ఓక్లాండ్‌కి బార్ట్ రైల్లో వెళ్లి మ్యాచ్ చూసే అలవాటు మాకు. 2019లో డ్యూరాంట్ పోయాడు, క్లే థాంప్సన్ మోకాలికి ఆపరేషన్, శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్త స్టేడియం, అక్టోబర్ 30న స్టెఫ్ కరీ చెయ్యి విరిగింది. 15-50, లీగ్‌లో అట్టడుగు.

కానీ డ్యూరాంట్‌ని ఉత్తినే పోనివ్వకుండా ట్రేడ్‌గా మార్చి డీయాంజెలో రస్సెల్‌ని తీసుకున్నారు. ఫిబ్రవరిలో అతన్నిచ్చి విగిన్స్‌నీ ఒక పిక్‌నీ తెచ్చుకున్నారు. 2022 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో విగిన్స్ 26 పాయింట్లు, 13 రీబౌండ్లు. కప్పు మాదే. 2020లో ఈ చర్చ పెట్టి ఉంటే ఆ వేసవిలో అందరికంటే నష్టపోయింది వారియర్స్ అనేవారు.

పసుపు_ఊదా

గొలుసు లెక్క అయితే మాకూ ఉంది. డేవిస్ కప్పు ఇచ్చాడు, 2025 ఫిబ్రవరిలో అదే డేవిస్‌ని ఇచ్చి లూకా డాన్సిచ్‌ని తెచ్చుకున్నాం. ఇంకేం కావాలి?

హైదరాబాద్_హూప్స్

గొలుసు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2019 అక్టోబర్ 4, 5 తేదీల్లో ముంబయిలో ఇండియానా పేసర్స్, శాక్రమెంటో కింగ్స్ ఆడిన మ్యాచ్‌లు ఉన్నాయి కదా. రెండో రోజుకి మేం నలుగురం హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లాం. ఎన్‌బీఏ జట్లని కళ్లారా చూడటం అదే మొదటిసారి. పేసర్స్ తరఫున సబోనిస్ ఆడాడు.

ఆ సబోనిస్ పేసర్స్‌కి ఎలా వచ్చాడు? 2017లో పాల్ జార్జ్‌ని ఓక్లహోమాకి ఇచ్చి, ఒలాడిపోతో పాటు ఇతన్ని తెచ్చుకున్నారు. 2022లో సబోనిస్‌ని అదే కింగ్స్‌కి ఇచ్చి హాలిబర్టన్‌ని తీసుకున్నారు. అటు ఓక్లహోమా 2019లో జార్జ్‌ని ఇచ్చి షేని తెచ్చుకుంది. 2025 ఫైనల్స్‌లో ఎదురెదురుగా నిలబడిన షే, హాలిబర్టన్ ఇద్దరూ పాల్ జార్జ్‌ని వదులుకోవడం వల్ల వచ్చినవాళ్లే. ఏడో మ్యాచ్‌లో హాలిబర్టన్ మడమ వెనక స్నాయువు తెగి పడిపోయినప్పుడు మా వాట్సాప్ గ్రూప్‌లో చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.

జార్జ్‌ని తప్పు పట్టట్లేదు. గొప్ప ఆటగాడు. కానీ ఆయన్ని ఇచ్చిన రెండు జట్లూ ఫైనల్స్ ఆడాయి, ఆ రెండు ట్రేడ్లలో ఆయన్ని తీసుకున్న జట్లు ఆయన ఉండగా ఆడలేదు.

ఉదయపు_మ్యాచ్

హైదరాబాద్_హూప్స్ గారి పోస్టు నా వాదనకి నాకన్నా బాగా బలం ఇచ్చింది. 2024లో జార్జ్ క్లిప్పర్స్‌ని వదిలి ఫిలడెల్ఫియాకి వెళ్లినప్పుడు బదులుగా ఒక్క ఆటగాడు గాని, ఒక్క పిక్ గాని రాలేదు. లేకర్స్‌కి డేవిస్ వల్ల లూకా వచ్చాడు, వారియర్స్‌కి డ్యూరాంట్ వల్ల విగిన్స్ వచ్చాడు. క్లిప్పర్స్ గొలుసు అక్కడే తెగిపోయింది.

పసుపు_ఊదా తమ్ముడూ, కోబీ గురించి నువ్వు రాసింది చదివి కాసేపు ఆగాను. ఆ కప్పుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

మూడు_పాయింట్ల_గీత

సరే, ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పండి. ఆ శనివారం క్లిప్పర్స్ ఆఫీసులో మీరే కూర్చుని ఉన్నారు. కవాయ్ అడిగింది జార్జ్‌ని. థండర్ జనరల్ మేనేజర్ ప్రెస్టీ అడిగింది షేని. కాదంటే కవాయ్ పక్క గదిలోని లేకర్స్‌కి వెళ్తాడు. అప్పట్లో రెండు జట్లూ ఒకే స్టేడియంలో ఆడేవి, గుర్తుంచుకోండి. సంతకం పెడతారా, పెట్టరా?

ఉదయపు_మ్యాచ్

షే బదులు ఇంకో రెండు పిక్స్ తీసుకోమని ప్రెస్టీని చివరిదాకా బతిమాలేవాణ్ణి.

మూడు_పాయింట్ల_గీత

ఒప్పుకోడు. అప్పుడు?

ఉదయపు_మ్యాచ్

పెడతాను.

వెన్న, నెయ్యి అన్న సామెత వెనక్కి తీసుకుంటున్నాను. అది తెలివితక్కువవాళ్ల గురించి చెప్పే మాట, ఆ రోజు మీవాళ్లు చేసింది తెలివితక్కువ పని కాదు. మొదటి పోస్టులోంచి మాత్రం తీసేయను, తీసేస్తే మీ జవాబులు చదివేవాళ్లకి అర్థం కావు. థండర్ గెలిచిందన్న మాట దగ్గర నేను కదలను.