18 శాతం తీసేస్తే లెక్క తేడా వస్తోంది, ఎందుకు?

తెనాలి రంగుల కొట్టు:
మాది పెయింట్ల కొట్టు. డబ్బా జీఎస్టీతో కలిపి 1,180. పన్ను విడదీద్దామని ఎక్సెల్‌లో 18 శాతం తీసేశా, 967.60 వచ్చింది. మా ఆడిటర్ గారేమో క్యాలిక్యులేటర్ కూడా ముట్టుకోకుండా వెయ్యి అన్నారు. నా తప్పెక్కడ?

లెక్కల పిచ్చి:
అన్నా, పన్ను వేసింది 1,000 మీద, మీరు తీసింది 1,180 మీద. శాతం అనగానే "దేని మీద?" అని అడగాలి. తీసేయకండి, 1.18తో భాగించండి.

పాత గుమాస్తా:
లాభం దగ్గరా ఇదే తిరకాసు. 80కి కొని 100కి అమ్మితే కొన్న ధర మీద 25 శాతం, అది మార్కప్. అమ్మిన ధర మీద 20, అది మార్జిన్. కంపెనీ సేల్స్ కుర్రాళ్లు ఏది దేని మీదో చెప్పకుండా పెద్ద అంకె చెబుతారు, జాగ్రత్త.

తెనాలి రంగుల కొట్టు:
భాగిస్తే సరిగ్గా వెయ్యి! 250 రూపాయల బ్రష్షుల సెట్టుకి మాత్రం 211.864 అని తోక వస్తోంది.

లెక్కల పిచ్చి:
రౌండ్ చేయండి. 211.86, పన్ను 38.14. సగం సీజీఎస్టీ (కేంద్రం వాటా), సగం ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), చెరి 19.07.

తెనాలి రంగుల కొట్టు:
సరిపోయింది. దసరా బిల్లులన్నీ మళ్లీ తిరగేయాలిక, ఖర్మ!