"బీటీ కంది" అంటూ అమ్ముతున్న విత్తనాన్ని ఎక్కడ పరీక్ష చేయించాలి?

మాది తాండూరు దగ్గర. మా ఊళ్లో ఒక వ్యాపారి లేబుల్ లేని సంచుల్లో "బీటీ కంది" (పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన కంది) అమ్ముతున్నాడు. కాయ తొలిచే శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు రెండూ రావంటున్నాడు. నాకు తెలిసి మన దేశంలో బీటీ కంది సాగుకు అనుమతే లేదు. నైజీరియాలో 2019లో ఆమోదించింది మారుకాను తట్టుకునే బీటీ అలసంద, కంది కాదు.

బిల్లు అడిగితే ఇవ్వలేదు. బీటీ పత్తిలోని క్రై1ఏసీ అనే ప్రొటీన్‌ను పట్టే పరీక్ష స్ట్రిప్‌తో గింజల పొడి, మొలకల ఆకు రెండూ చూశాను. కంట్రోల్ గీత ఒక్కటే వచ్చింది, అంటే ఆ ప్రొటీన్ కనిపించలేదు. కానీ లోపల వేరే రకం బీటీ జన్యువు ఉంటే ఆ స్ట్రిప్ పట్టకపోవచ్చు. పురుగుతో పంట పోయినవాళ్లు అప్పు చేసి మరీ కొంటున్నారు, అదే నా టెన్షన్.

రైతు తెచ్చిన గింజలకు పీసీఆర్ పరీక్ష (డీఎన్ఏలో బీటీ జన్యువు ఉందో లేదో చూసేది) చేసి రిపోర్టు ఇచ్చే ల్యాబ్ తెలంగాణలో ఎక్కడుంది?