నయం చేసేది మందేనా, మనుషులకూ అందులో వాటా ఉందా?

నిదానం:
"రోగిని మందుకన్నా మనుషులే ఎక్కువగా నయం చేస్తారు" అన్న మాట కథల్లోనూ సంతాప సభల్లోనూ తరచుగా వినిపిస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది కాబట్టే దాన్ని ఎవరూ నిలదీయరని నా అనుమానం. క్షయనే తీసుకోండి. రాబర్ట్ కోచ్ 1882లో దాని సూక్ష్మజీవిని చూపించేదాకా ఐరోపా కవులు, నవలాకారులు చాలామంది దాన్ని సున్నిత మనస్కులకు వచ్చే జబ్బుగా, దాదాపు ఒక అలంకారంగా వర్ణించారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు శానటోరియాల్లోని, అంటే క్షయ రోగుల విశ్రాంతి ఆసుపత్రుల్లోని, గాలి, విశ్రాంతి, మంచి తిండి, సాటి రోగుల తోడు రోగాన్ని తగ్గిస్తాయని నమ్మారు. స్ట్రెప్టోమైసిన్ 1943లో బయటపడింది, మరికొన్ని మందులు దాని వెంట వచ్చాయి. అప్పుడు మద్రాసులో పేద రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని శానటోరియంలోనూ రెండో వర్గాన్ని వారి ఇరుకు ఇళ్లలోనూ ఉంచి, ఏడాది పాటు అవే మందులు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. గాలి, తిండి, సేవ అన్నీ ఒకవైపే ఉన్నా ఫలితం సమానంగా వచ్చిందంటే, పని చేసింది మందేనని ఒప్పుకోవాలి కదా?

వార్డు డ్యూటీ:
నిదానం గారూ, మీరు చూపిన సాక్ష్యమే నా పక్షానికీ పనికొస్తుంది. ఆ రోజుల్లో ఇచ్చిన రెండు మందుల్లో ఒకటైన పాస్‌ను రోజూ గ్రాముల కొద్దీ మింగాల్సి వచ్చేది, అది కడుపును తిప్పేసేది. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడిన మనిషి మిగిలిన పది నెలలూ దాన్ని ఎందుకు మింగుతాడు? అందుకే పరిశోధకులు ఇళ్లకు వెళ్లి చూసేవారు, మూత్ర పరీక్షతో మందు వేసుకున్నదీ లేనిదీ తేల్చుకునేవారు. ఆ ఏడాదంతా గ్లాసుతో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డ ఇంటివారి లెక్క ఏ పట్టికలోనూ ఉండదు. వార్డులో నా అనుభవం కూడా ఇదే: మందు పనిచేయక తిరగబెట్టిన కేసులకన్నా, మందు చీటీకీ రోగి నోటికీ మధ్య ఎక్కడో ఆగిపోయి తిరగబెట్టినవే ఎక్కువగా చూశాను.

గణాంకాల పిచ్చి:
ఒక సవరణ. ఇంగ్లండ్‌లో క్షయ మరణాలు తగ్గిన దాంట్లో ఎక్కువ భాగం మందులు రాకముందే తగ్గిందని వైద్య చరిత్రకారుడు థామస్ మెక్‌కియోన్ చూపించారు. ఆయన ఆ ఘనతను మెరుగైన ఆహారానికి ఇచ్చారు, తర్వాతి చరిత్రకారులు కొందరు పారిశుధ్యానికీ స్థానిక పాలనకూ ఇచ్చారు. ఆ తగాదా ఇంకా తెగలేదు. కానీ అది జనాభా లెక్క, మంచం మీద ఉన్న ఒక మనిషి లెక్క కాదు. ఈ చర్చలో రెండూ కలిసిపోతున్నాయి.

పాతపుటలు:
సాహిత్యం అంతా ఆ హాయి మాటనే చెప్పలేదని గుర్తుచేస్తాను. టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'లో డాక్టర్లూ కుటుంబమూ కలిసి రోగితో అబద్ధమాడుతుంటారు. గెరాసిమ్ అనే పనివాడు మాత్రం నిజం దాచకుండా, రోగి నొప్పి తగ్గడానికి అతని కాళ్లను గంటల తరబడి తన భుజాల మీద మోస్తాడు. ఇవాన్ బతకలేదు, బతుకుతాడని గెరాసిమ్ మాట ఇవ్వనూ లేదు. తోడు రోగాన్ని తీసేస్తుందని కాకుండా, రోగంలో ఒంటరితనాన్ని తీసేస్తుందని మాత్రమే ఆ కథ అంటుంది. దీన్ని "ప్రేమే మందు" అని ఉపన్యాసాల్లో వాడేవారు చివరి పేజీలు చదవలేదేమో.

నీలిసిరా:
"మనుషులు" అన్న మాటను అందరూ చల్లగా వాడుతున్నారు. కుష్ఠు సూక్ష్మజీవిని హాన్సెన్ 1873లో కనుగొన్నారు, బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. అంతకన్నా ముందే తొలి మందులు వచ్చి దశాబ్దాలు గడిచినా జపాన్‌లో నిర్బంధంగా వేరు ఉంచే చట్టం 1996 దాకా రద్దు కాలేదు, రద్దయ్యాక కూడా రోగం నయమైన వృద్ధులు చాలామంది తిరిగి వెళ్లడానికి ఇల్లు లేక ఆ శానటోరియాల్లోనే ఉండిపోయారు. వాళ్లను నయం చేసింది మందు, నయమైనవాళ్లుగా అంగీకరించనిది మనుషులు. రెండో వైపున బెల్జియంలోని గీల్ పట్టణం ఉంది. అక్కడి కుటుంబాలు శతాబ్దాలుగా మానసిక రోగులను తమ ఇళ్లలో ఉంచుకుంటున్నాయి, 1930ల చివర్లో ఆ సంఖ్య 3,000 దాటింది. వాళ్లు ఎవరినీ నయం చేస్తామని చెప్పరు. రోగి రోగిగానే ఉంటూ పొలంలోనో వంటింట్లోనో ఏదో ఒక పనిలో చేయి వేస్తాడు, అంతే.

నిదానం:
పాతపుటలు గారి మాటకు దగ్గరగా వచ్చాను. నా అభ్యంతరం అసలు ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. మా చెల్లెలు చనిపోయిన నెలలో ఒక బంధువు మా అమ్మతో "ఇంకాస్త దగ్గరుండి చూసుకుని ఉంటే దక్కేదేమో" అన్నారు. ఆవిడ దయగానే అన్నారు. కానీ మనుషులే నయం చేస్తారన్న సిద్ధాంతానికి మరో కొస ఇదే: నయం కాకపోతే ఆ తప్పు మనుషులదే అవుతుంది. మందు విఫలమైతే మందు విఫలమైందని అనుకోగలం. ప్రేమ విఫలమైందని ఒక తల్లికి ఎలా చెబుతాం?

వార్డు డ్యూటీ:
ఆ మాట విన్నాక "నయం చేస్తారు" అన్న క్రియను నేను వెనక్కి తీసుకుంటున్నాను. మందు ఆగిపోకుండా చూస్తారు, లేచాక చోటిస్తారు అన్నంతవరకైనా ఒప్పుకుంటారా?

నిదానం:
ఒప్పుకుంటాను.

గణాంకాల పిచ్చి:
అయితే నాదొక ప్రశ్న. గీల్ కుటుంబాలకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. ఇంట్లో రోగి పక్కన ఏళ్ల తరబడి గ్లాసు పట్టుకుని నిలబడే మనిషి, చాలాచోట్ల ఆడమనిషి, ఆ పని కోసం వదులుకున్న జీతాన్ని వైద్య ఖర్చులో ఎవరు లెక్క కడుతున్నారు?