పాల్బోసిక్లిబ్ వారం ఎక్కువ ఆపితే క్యాన్సర్ పెరగదా? అసలు ఆ మాత్ర లోపల ఏం చేస్తుంది?

ప్రొద్దుటూరు_పిల్లోడు:
మా పెద్దమ్మకి 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది అన్నారు. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అని ఉంది. సెలైన్ ఎక్కించే కీమో ఏమీ పెట్టలేదు, లెట్రోజోల్ రోజూ ఒకటి, పాల్బోసిక్లిబ్ 125 ఏమో 21 రోజులు వేసి 7 రోజులు ఆపమన్నారు. రెండో కోర్సు మొదలుపెట్టే ముందు సీబీసీ అనే రక్త కణాల టెస్ట్ చేయిస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు 800 వచ్చాయి, డాక్టరు ఇంకో వారం ఆగి మళ్లీ టెస్ట్ చేయించుకుని రమ్మన్నారు. అంటే మొత్తం రెండు వారాలు మందు లేనట్టే కదా. ఇంట్లో ఒకటే టెన్షన్, మా పెదనాన్న అయితే "మందు ఆపితే గడ్డ ఊరుకుంటుందా" అని రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. ఓపీలో రద్దీ ఎక్కువ, డాక్టరు దగ్గర ఇవన్నీ అడిగే టైము దొరకలేదు. ఇంకోటి, జుట్టు ఊడలేదు, వాంతులు లేవు. చుట్టాలేమో అది అసలు క్యాన్సర్ మందేనా అంటున్నారు. తెలిసినవాళ్లు కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.

ల్యాబక్క_కర్నూలు:
తమ్ముడూ, 800 చూసి కంగారు పడొద్దు, ఆ మందు మీద అది మామూలే. పాలోమా-2 అనే పెద్ద ట్రయల్‌లో మీ పెద్దమ్మ వాడుతున్న ఈ జోడీనే వాడినవాళ్లలో నూటికి 66 మందికి కౌంట్ వెయ్యి లోపుకి పడింది, కానీ కౌంట్ పడి దాంతోపాటు జ్వరం కూడా వచ్చినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఎందుకలా అనేది తెలిస్తే నీ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

ఒంట్లో కణం తనంతట తాను చీలదు, బయట నుంచి సంకేతం అందాలి. మీ పెద్దమ్మ జబ్బు లాంటి దాంట్లో ఆ సంకేతం ఈస్ట్రోజన్ అనే హార్మోను, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అంటే అదే. అది అందగానే కణం సైక్లిన్ డి అనే ప్రొటీన్‌ని తయారుచేస్తుంది, ఆ సైక్లిన్ వెళ్లి సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములకు అతుక్కుంటే తప్ప అవి కదలవు. కదిలాక వాటి ముఖ్యమైన పని ఆర్‌బీ అనే ఇంకో ప్రొటీన్‌కి ఫాస్ఫేట్లు తగిలించడం. ఆర్‌బీని మన కేసీ కాలువ తూముకి ఉండే షట్టర్ అనుకో, అది దించి ఉన్నంతసేపు కణం డీఎన్‌ఏని కాపీ చేసుకునే దశలోకి పోలేదు. ఫాస్ఫేట్లు పడేకొద్దీ షట్టర్ లేస్తుంది, దాని కింద ఇరుక్కున్న ఈ2ఎఫ్ అనే ప్రొటీన్ బయటపడి కాపీకి కావలసిన జన్యువులను ఆన్ చేస్తుంది. అక్కడి నుంచి బయటి సంకేతం ఆగినా కణం వెనక్కి తిరగదు. దారిలో ఇంకా చెకింగులు ఉంటాయిలే, డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 అనే ప్రొటీన్ ఆపుతుంది, చివర్లో క్రోమోజోములన్నీ దారాలకు సరిగ్గా తగులుకుంటేనే రెండు వైపులకూ లాగుతుంది. కణం చీలడాన్ని ఈ సైక్లిన్లు, సీడీకేలు నడుపుతాయని మొదట బయటపడింది మనుషుల్లో కూడా కాదు, పిండిని పులియబెట్టే ఈస్ట్‌లోనూ సీ అర్చిన్ అనే సముద్ర జీవి గుడ్లలోనూ. హార్ట్‌వెల్, నర్స్, హంట్ అనే ముగ్గురికి 2001లో నోబెల్ ఇచ్చారు. ఈస్ట్ మీద పని ఎవరికి పనికొస్తుందని అప్పట్లో అనుకున్నవాళ్లు చాలామందే ఉండి ఉంటారు.

పాల్బోసిక్లిబ్ సరిగ్గా ఆ సీడీకే4, 6 ల మీదే కూర్చుంటుంది. అవి పని చేయవు, ఆర్‌బీ దిగే ఉంటుంది, కణం ఉన్నచోటే ఆగిపోతుంది. పాత కీమో అలా కాదు, కణం చీలే పనిలో ఉండగా పట్టుకుని చంపుతుంది. 5-ఎఫ్‌యూ డీఎన్‌ఏ కాపీ దగ్గర దెబ్బకొడుతుంది, పాక్లిటాక్సెల్ ఏమో క్రోమోజోముల్ని లాగే దారాలను బిగబట్టి కదలనీయదు. అవి జుట్టు కుదుళ్లు, పేగు లోపలి పొర, మూలుగ అనే తేడా చూడవు, వేగంగా చీలే కణం ఏదైనా బలి. జుట్టు ఊడేది అందుకే. ఈ మాత్రకి జుట్టు కొంచెం పలచబడొచ్చు, గుండు మాత్రం కాదు. జుట్టు ఊడితేనే మందు పనిచేస్తున్నట్టు అనే లెక్క మీ చుట్టాల దగ్గర ఉంటే అది పక్కన పెట్టేయమను.

ఇప్పుడు గ్యాప్ సంగతి. ఎముక మూలుగలో తెల్ల కణాలు పుట్టించే కణాలకు సీడీకే6 చాలా అవసరం, అందుకే గడ్డతో పాటు అవీ ఆగుతాయి, కౌంట్ పడుతుంది. అయితే అవి చావవు, ఆగుతాయి అంతే. మందు ఒంట్లో సగానికి తగ్గడానికి 29 గంటలు పడుతుంది, కాబట్టి నాలుగైదు రోజుల్లో చాలావరకు పోతుంది, మూలుగ మళ్లీ పని మొదలుపెడుతుంది. కీమో తర్వాత కంటే ఇందులో కౌంట్ తొందరగా లేచేది అందుకే. మరి గడ్డ? దానికి లెట్రోజోల్ ఉంది కదా, అది ఆపమనలేదు కదా! నెలసరి ఆగిన ఆడవాళ్లలో కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజన్‌ని అది ఆపేస్తుంది, అంటే షట్టర్ ఎత్తమనే సంకేతమే తగ్గిపోతుంది. పాల్బో లేని రోజుల్లో కూడా ఆ కాపలా ఉంది. లెట్రోజోల్ ఒక్కరోజు కూడా మానకుండా చూడండి, ఈ గ్యాప్‌లో అసలు చూసుకోవలసింది అదే. కౌంట్ మళ్లీ మళ్లీ పడుతుంటే డాక్టరు 100కో 75కో తగ్గిస్తారు, తగ్గించినంత మాత్రాన జబ్బు చేయి దాటిపోయిందని కాదు.

ఒకటి మాత్రం దాచను. ఇది జబ్బుని పూర్తిగా తీసేసే మందు కాదు. ఆ ట్రయల్‌లోనే లెట్రోజోల్ ఒక్కటే వాడినవాళ్లలో సగం మందికి జబ్బు ముదరడానికి 14.5 నెలలు పట్టింది, రెండూ వాడినవాళ్లలో 24.8 నెలలు. నా దృష్టిలో అది చిన్న తేడా కాదు.

బురుజు_పక్కన:
అక్క చెప్పింది బాగుంది గానీ, ఇంత ఇంగ్లీషు మందు ఎందుకబ్బా. బిళ్లగన్నేరు నుంచే క్యాన్సర్ మందు తీస్తారని అందరికీ తెలుసు, మన ఇళ్ల ముందర ఊరికే మొలుస్తుంది. పొద్దున్నే పది ఆకులు కషాయం కాచి ఇవ్వండి, షుగర్ కూడా తగ్గుతుంది.

అనంత_మందులషాపు:
అన్నా, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. బిళ్లగన్నేరులో విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందులు ఉన్న మాట నిజమే. కానీ అవి దొరికిన కథ వినండి. 1950లలో జమైకాలో జనం మీలాగే షుగర్‌కని ఆ ఆకు కషాయం తాగేవాళ్లు. ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే ఆయన దగ్గరికి చేరితే ఎలుకల మీద చూశారు. షుగర్ తగ్గలేదు గానీ సారం ఎక్కించిన ఎలుకల్లో తెల్ల కణాలు పడిపోయాయి. తెల్ల కణాలు తగ్గిస్తోంది కాబట్టి రక్త క్యాన్సర్లకు పనికొస్తుందేమో అని ఆయనా, చార్లెస్ బీర్ అనే కెమిస్టూ కలిసి 1958కల్లా విన్‌బ్లాస్టీన్ విడదీశారు. ఇప్పుడు ఆలోచించండి, 800 కౌంట్ ఉన్న మనిషికి, తెల్ల కణాలు పడగొట్టడం వల్లే పేరొచ్చిన ఆకుని కషాయం కాచి పోస్తామా? పైగా ఆకులో ఆ మందు ఉండేది అతి కొంచెం, ఏ ఆకులో ఎంత ఉందో ఎవరికీ లెక్క తెలియదు. ఆసుపత్రిలో దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి మాత్రమే ఇస్తారు.

పాల్బో గురించి షాపు వైపు నుంచి రెండు మాటలు. 2023 జనవరిలో మన దేశంలో దాని పేటెంట్ అయిపోయింది, ఇప్పుడు చాలా కంపెనీల జెనరిక్స్ ఉన్నాయి, రేట్లు బాగా తగ్గాయి. పాత బ్రాండే కొంటుంటే డాక్టర్ని అడిగి మార్చుకోవచ్చు. క్యాప్సూల్ అయితే అన్నం తిన్నాకే వేయాలి, టాబ్లెట్ అయితే ఆ పట్టింపు లేదు, డబ్బా మీద ఏదో చూసుకోండి. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ దీన్ని ఒంట్లోంచి తొందరగా పంపేస్తాయి. కొన్ని ఫంగస్ మాత్రలు, క్లారిత్రోమైసిన్ ఏమో ఎక్కువ రోజులు నిలిపేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ వద్దని కంపెనీ కాగితంలోనే ఉంటుంది, పంపరపనసది కూడా అదే జాతి కాబట్టి నేనైతే అదీ వద్దంటాను. వేరే డాక్టరు ఏ మందు రాసినా ఈ మాత్ర పేరు ముందు చెప్పండి.

పెన్నా_ఒడ్డు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా మామకి స్మాల్ సెల్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇంత మంచి మాత్ర ఉంటే ఆయనకి ఎందుకు ఇవ్వరు? ఆయనకి కీమోనే పెడుతున్నారు, చాలా నీరసపడిపోయారు.

ల్యాబక్క_కర్నూలు:
ఆ జబ్బులో దాదాపు అందరికీ ఆర్‌బీయే పోయి ఉంటుంది, పీ53 కూడా. షట్టరే లేని తూము దగ్గర, దాన్ని ఎత్తేవాళ్లను ఆపి ఏం లాభం? ఈ మాత్ర ఆ గడ్డని ఏమీ చేయలేదు. అందుకే చీలే కణాన్ని పట్టుకుని డీఎన్‌ఏనే దెబ్బకొట్టే సిస్‌ప్లాటిన్ లాంటివి పెడతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్ చేసేదీ దగ్గరదగ్గర ఇదే, దాని ప్రొటీన్లు ఆర్‌బీని, పీ53ని పని చేయనీయకుండా చేస్తాయి. మామగారి నీరసం గురించి మాత్రం డాక్టరుకు చెప్పండి, హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తారు.

ప్రొద్దుటూరు_పిల్లోడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. పెదనాన్నకి చదివి వినిపించాను, లెట్రోజోల్ డబ్బా తెచ్చి లెక్కపెట్టుకున్నారు, మానలేదట. ఇంకో రెండు అడుగుతా. ఈ వారంలో జ్వరం వస్తే డోలో వేసి చూడొచ్చా? మాత్ర వేశాక వాంతయితే ఇంకోటి వేయాలా?

అనంత_మందులషాపు:
కౌంట్ ఇంత తక్కువ ఉన్నప్పుడు ఇంట్లో డోలో వేసి పొద్దునదాకా చూద్దాం అనేది వద్దు. థర్మామీటర్ కొనిపెట్టుకోండి, 100.4 దాటినా, చలి వణుకు వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి పోండి, పోగానే కౌంట్ 800 ఉందని, పాల్బో వాడుతున్నామని ముందు చెప్పి ఆ సీబీసీ కాగితం చూపించండి. వాంతయినా, వేయడం మర్చిపోయినా ఆ రోజుకి ఇంకోటి వేయకూడదు, మర్నాడు మామూలు టైముకి మామూలు డోసే.